ఊలు టోపీ పెద్దాయన

కార్పెట్ మీద మళ్లీ బురద అడుగులు పడ్డాయి.

తలుపు దగ్గర మొదలై, టీ బల్ల దాకా వెళ్లి, కిటికీ పక్క కుర్చీ ముందు ఆగాయి.

కుర్చీలో ఆ పెద్దాయనే. మోకాళ్ల దాకా గంబూట్లు, గొర్రెల వాసన కొట్టే కోటు, కనుబొమల మీదికి లాగిన ఊలు టోపీ. ఒక చేతిలో టీ, రెండో చేతిలో బన్ను.

"ఒచ్చిండా నీ చుట్టం?" అంది రాజశ్రీ వంటింటి గుమ్మంలోంచి. ఆమెది జగిత్యాల.

"నా చుట్టం ఎలా అవుతాడు? తినేది నీ బన్నులు కదా," అన్నాడు ఈశ్వరరావు. అతనిది తెనాలి దగ్గర పల్లె.

"రోజూ గిదే కథ అన్నా. పొద్దుగాల ఒస్తడు, తింటడు, గా ఎనక సందులకు పోతడు. బాత్రూంకేమో. మల్ల పోతడు."

పాపకూర అనే ఊళ్లో మోటెల్ ఉద్యోగం వదిలి, డునెడిన్ నగరానికి ఉత్తరాన సముద్రం ఒడ్డునున్న ఈ ఊరికి ఈశ్వరరావు రిసెప్షన్ పనికి కొత్తగా వచ్చాడు. యూదుల ఆచారంతో నడిచే హోటల్ ఇది. పాలకో వంటిల్లు, మాంసానికో వంటిల్లు. ఇక్కడి గరిటె అక్కడికి వెళ్లకూడదు. శనివారం వాళ్లు కరెంటు ముట్టరు కాబట్టి గదులకు ఇనుప తాళాలు. వెనక సందు చివర ప్రార్థన గది. ఇంట్లో నాయనమ్మ మడి చూసి పెరిగినవాడు గనుక అతనికి ఇవేవీ వింతగా తోచలేదు.

దిగినవాళ్లందరికీ చూడదగ్గవి బస్సు కండక్టర్‌లా ఒక్క గుక్కలో చెప్పేస్తాడు. బంగారం తవ్వే రోజుల్లో కట్టిన తెల్లరాతి వీధి, పాత తోట, చీకటి పడేవేళ ఒడ్డుకొచ్చే పెంగ్విన్లు.

నిన్న సాయంత్రం దిగిన డేనియల్‌కీ అలాగే చెప్పాడు.

"అవేవీ వద్దు," అన్నాడు డేనియల్. "పాత శ్మశానం ఎటు?"

ఈశ్వరరావు బిత్తరపోయాడు.

"మా నాన్న అక్కడున్నాడు. రేపటికి ఏడాది. పొద్దున మీ ప్రార్థన గదిలో ఆయన కోసం ఒక ప్రార్థన చదవాలి. దానికోసమే సిడ్నీ నుంచి వచ్చాను. మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోతాను."

సంవత్సరీకం అన్నమాట. ఈశ్వరరావుకి మనసు కలుక్కుమంది.

"రేపు మీకు ఏ లోటూ రానివ్వను సార్. నాది పూచీ," అన్నాడు.

తీరా ఇవాళ ఈ బురద.

పెద్దాయన బన్ను నములుతూ హాల్లో ఉన్నవాళ్ల తలలు ఒక్కొక్కటే చూస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. ఒకావిడ తన బ్యాగు దగ్గరికి లాక్కుంది.

ఈశ్వరరావు ఇక ఆగలేకపోయాడు.

"సార్, ఇవాళ మా గెస్టు ఒకాయనకి ముఖ్యమైన రోజు. ఈ హాలు గెస్టులకే. లోపలికొచ్చాక కనీసం టోపీ అయినా తియ్యరా?"

పెద్దాయన చెయ్యి టోపీ దాకా వెళ్లింది. తియ్యలేదు. ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

"కొత్తగా వచ్చావా?"

"నేను కొత్తే సార్. రూలు పాతదే."

"అయితే ఇవాళ నేను అక్కర్లేదా?"

"అక్కర్లేదు సార్."

పెద్దాయన ముఖం విప్పారింది. "అయితే మనుషులు బాగానే దిగారన్నమాట. మంచిదే."

సగం బన్ను పళ్లెంలో పెట్టి, కార్పెట్ తొక్కకుండా గోడ వారగా నడిచి వెళ్లిపోయాడు. పాత ట్రక్కొకటి వానలో కొండదారి పట్టింది.

ఈశ్వరరావు వంగి, బురద తనే తుడిచాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నానని తృప్తిగా ఉంది.

కాసేపటికి యజమానురాలు మిరియం సందులోంచి వచ్చి రోడ్డు వైపు చూసింది. వెళ్లింది. మళ్లీ వచ్చింది.

"జాక్ ఇంకా రాలేదేమిటి? ఆయన వస్తేగానీ మొదలుపెట్టలేం."

"ఎవరు మేడమ్?"

"కొండ మీద గొర్రెలు పెంచుకుంటాడు. మంచు పడ్డా మానడు. ఫోనుండదు ఆయనకి."

ఈశ్వరరావు కిటికీ పక్క కుర్చీ వైపు తిరిగాడు. "గంబూట్లు... ఊలు టోపీ..."

"ఆయనే. చూశావా?"

"టోపీ తియ్యమన్నాను మేడమ్. వెళ్లిపొమ్మన్నాను."

మిరియం తిట్టలేదు. "తల కప్పుకోకుండా మేము ప్రార్థన చెయ్యం. ఆయనకి ఆ టోపీయే," అంది మెల్లగా.

ఈశ్వరరావు కారు తీసి కొండెక్కాడు. గేటుకి గొలుసు వేసి ఉంది. ట్రక్కు లేదు. హారన్ కొడితే గొర్రెలు తలెత్తి చూసి, మళ్లీ గడ్డిలో మూతి పెట్టాయి. బస్సు వేళ దగ్గరపడేదాకా అక్కడే నిలబడ్డాడు. ఎవరూ రాలేదు.

తిరిగొచ్చేసరికి డేనియల్ ప్రార్థన పుస్తకం తెరవకుండానే సంచిలో పెట్టుకుంటున్నాడు.

"శ్మశానం దారి బాగా చెప్పారు. థాంక్స్," అన్నాడు. బస్సెక్కేశాడు.

కిటికీ దగ్గర సగం బన్ను అలాగే ఉంది. రాజశ్రీ కూడా దాన్ని తియ్యలేదు.

"మనుషుల్ని చూస్తూ ఏదో గొణుక్కునేవాడు మేడమ్. అందుకే..." అన్నాడు ఈశ్వరరావు.

"మేము మనుషుల్ని అంకెలతో లెక్కపెట్టం. ఒక ప్రార్థన వాక్యం ఉంది. మనిషికో మాట చొప్పున అనుకుంటాం," అంది మిరియం.

కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకుండా 'లాభం' అనే తండ్రి గొంతు ఈశ్వరరావు చెవిలో పలికింది.

"లోపల అంతమంది ఉన్నారు కదా మేడమ్. ఒక్క మనిషి తగ్గితే ఏమవుతుంది?"

మిరియం కిటికీలోంచి కొండ వైపు చూసింది.

"పదిమంది మగవాళ్లు ఉంటేనే కొడుకు తండ్రి కోసం ఆ ప్రార్థన చదవాలి, ఈ చలికాలమంతా మా పదో మనిషి జాకే."