నీళ్ల బరువు

"ఒరేయ్ తమ్ముడూ, నువ్విచ్చిన లోడ్లలో నీళ్ల బరువు కలిపావా?"

తమ్ముడు పైకి చూశాడు. కొత్త గ్యాస్ పైపు ఒత్తిడికి తట్టుకుంటుందో లేదో చూసే టెస్టు కోసం పొద్దున్నుంచీ అందులోకి నీళ్లు ఎక్కిస్తున్నారు. ఆ పైపు ఏ స్తంభం మీద ఎంత బరువు మోపుతుందో లెక్కగట్టింది అతనే. ఆ లెక్కను బట్టి స్తంభాలకు పునాదులు డిజైన్ చేసింది అక్క.

"గ్యాసుకేం బరువుంటుందక్కా? పైపు బరువే ఇచ్చాను. టెస్టు నీళ్లు నువ్వు కలుపుకుంటావనుకున్నా."

"నువ్వు కలిపే ఇచ్చావనుకున్నాన్రా."

మలుపు దగ్గరి స్తంభం మొదట్లో నేల నెర్రెలు విచ్చింది. అక్క గొంతు చించుకుని అరిచింది. కింద పనిచేస్తున్న ఫిట్టర్లు స్పానర్లు పారేసి ఇవతలికి పరుగెత్తారు. ఫోర్‌మన్ పంపు ఆపేశాడు.

"నీళ్లు వదిలేయండి!"

"వదిలాం మేడమ్. ఇంత పైపు ఖాళీ అవ్వాలంటే సాయంత్రమవుతుంది. అందాకా దగ్గరికెవరూ పోవద్దు."

స్తంభం ఇంకాస్త ఒరిగింది. పైన పైపు మూలిగింది.

"ఇప్పుడేం చేద్దామక్కా?"

చిన్నప్పటి నుంచీ ఏది పాడుచేసినా అతను పరుగెత్తుకొచ్చి అడిగే మాటే అది. ఎప్పుడూ ఆమె దగ్గర ఏదో ఒక ఉపాయం ఉండేది. తిట్టేది, ఆ తర్వాత చక్కబెట్టేది.

"తెలీదురా," అంది అక్క.

అతను తిరిగి చూశాడు. ఆమె స్తంభం వైపే చూస్తూ రెండడుగులు వెనక్కి వేసింది. అక్కకీ భయమేస్తుందని అతను ఇన్నేళ్లలో ఒక్కసారీ అనుకోలేదు.

దగ్గరికి జరిగాడు. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరూ చూస్తుండగానే స్తంభం పక్కకు పడిపోయింది.