తెర కింది మాట

విదేశీ సినిమాలకు తెర కింద తెలుగు మాటలు రాయడం ఆవిడ పని. ఆ రోజు సినిమాలో ఇద్దరమ్మాయిలు సెలవులన్నీ మెట్ల మీద కూర్చుని ఊరికే గడిపేస్తున్నారు. ఒకమ్మాయి రెండో అమ్మాయికి ఫోను చేసే చోట ఆవిడకు మాట తట్టలేదు.

పదహారేళ్ల కూతురిని పిలిచింది. "'విసుగ్గా ఉంది, రా' అంటోందే. మీరైతే ఏమంటారు?"

కూతురు ఆ ముక్క రెండుసార్లు చూసింది.

"బోర్ కొడుతోందే, రావే అంటాం. కానీ అది విసుగు కాదమ్మా. ఒక్కతే ఉండలేకపోతోంది."

"నీకెలా తెలుసు?"

"మా క్లాసు పొట్టిది అచ్చం ఇలాగే పిలిచేది." తెర మీది అమ్మాయిని చూపించింది. "ఈ పిల్లే నయం. పొట్టిది ఊరొదిలి పోతూ ఒక్క ఫోనైనా చెయ్యలేదు. నేనేం తప్పు చేశానో ఏమో!"

తల్లి ఆ ముక్కను మళ్లీ మొదటికి తిప్పింది.

పొట్టిది ఊరొదిలింది పరీక్షల నెలలోనే. ఆ నెలంతా కూతురి ఫోను ఆవిడ తన బీరువాలోనే దాచింది. వరసగా మూడు మధ్యాహ్నాలు అది మోగితే తనే ఎత్తింది. "బోర్ కొడుతోందాంటీ, ఒక్కసారి దానికివ్వరూ?" అని ఆ పిల్ల బతిమాలింది. మూడోసారి, "నీకు పనీపాటా లేకపోతే సరా? దానికి చదువుంది" అని పెట్టేసింది.

ఆ నంబరు ఇప్పుడు వాడుకలో లేదు. కూతురికి తెలియకుండా తనే రెండుసార్లు చేసి చూసింది.