చివరి ఎనిమిది సెకన్లు

“పేర్లు పడితేనే ఆట ఇస్తాను. లేదంటే ఈ సొరుగులోనే పడి ఉంటుంది,” అన్నాడు పెద్దాయన.

ఆ మాట అనడం అది మూడోసారి. ఎదురుగా కూర్చున్న అమ్మాయి ఒప్పందం కాగితాలు సంచిలో పెట్టబోయి ఆగింది. పాతకాలం వీడియో గేములను ఇంట్లోంచే డౌన్‌లోడ్ చేసుకుని ఆడుకునే సర్వీసు ఆమె కంపెనీది. సొంత ఆటలు ఇరవై దాకా పెట్టారు. జనం వాటిని నెల తిరక్కుండా ఆడేసి, ఇంకేవీ అంటున్నారు. బయటి పబ్లిషర్లను ఒప్పించి తేవడం ఈమె పని. కాళ్లరిగేలా తిరిగింది. ఎక్కడికెళ్లినా ఒకటే జవాబు: ముందు ఇంకెవరినైనా రానివ్వండి, అప్పుడు చూద్దాం. నెలాఖరుకు బయటి ఆట ఒక్కటైనా రాకపోతే సర్వీసు మూసేస్తామని పైవాళ్లు తేల్చి చెప్పేశారు.

‘పడవవాడు’ ఆటంటే ఇప్పటికీ చెవి కోసుకునేవాళ్లున్నారు. అది వస్తే మిగతావాళ్లూ కదులుతారు. దాన్ని అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. హక్కులు మాత్రం సైకిళ్ల దుకాణం మీది ఈ ఒంటిగదిలో, ఈ మొండిఘటం చేతిలో మిగిలాయి.

“బాబాయిగారూ, ఆటలో చుక్క కూడా మార్చకూడదని మా రూలు. ఉన్నదున్నట్టు పెట్టాలి.”

“నేనూ అదే పెట్టమంటున్నాను. ముందు ఇలా రా.”

ఆయన పాత టీవీ వెనక తీగ బిగించి, ఆట క్యాసెట్టు అంచును స్పిరిట్ దూదితో తుడిచి యంత్రంలో పెట్టాడు. తనే ఆడటం మొదలుపెట్టాడు. రెండో మలుపులోనే పడవ రాయికి కొట్టుకుని మునిగింది. మళ్లీ ఆడాడు. మళ్లీ అదే రాయి.

ఆమెకు నవ్వాగలేదు. “మీ ఆట మీకే రాదా?”

“ఎప్పుడూ రాలేదు. నువ్వు కానివ్వు.”

ఏళ్ల తరబడి దాన్ని తయారుచేస్తూ కుస్తీ పట్టినవాళ్లకు ఇంక ఆడే సరదా ఎక్కడుంటుందిలే అనుకుని ఆమె అందుకుంది. చిన్నప్పటి మలుపులేవీ వేళ్లు మరిచిపోలేదు. ముప్పావుగంటలో పడవ ఒడ్డు చేరింది. పాట ఆగింది. తెర నల్లబడింది. ఎనిమిది సెకన్లు అలాగే ఉండి, మళ్లీ మొదటి బొమ్మ వచ్చింది.

“చిన్నప్పుడు ఈ చీకట్లో ఏదో వస్తుందని రెప్ప వేయకుండా చూసేదాన్ని,” అంది.

“రావలసిందే. నాలుగు పేర్లు. ఆట చేసినవాళ్లవి. దుకాణాలకు పంపే ముందు చెరిపేశారు.”

“ఎందుకట?”

“ఫలానావాళ్లు చేశారని తెలిస్తే, పక్క కంపెనీ ఎక్కువ జీతం చూపించి ఎగరేసుకుపోతుందని. అప్పట్లో ఎక్కడ చూసినా అదే తంతు.”

“ఎంత పాపిష్టి యజమాని!”

“పాపిష్టివాడు కాదు తల్లీ. పిరికివాడు.”

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. “బొమ్మలు వేసినవాడు పోయాడు. పాట కట్టినావిడ చిన్నపిల్లలకు సంగీతం చెప్పుకుంటోంది. ఆ పాట నాదేనర్రా అంటే, మా అమ్మమ్మ కోతలు కోస్తోందని సొంత మనవలే నవ్వుతారట.”

“మీరు వెళ్లి పిల్లలకు చెప్పొచ్చుగా?”

“ఏ మొహం పెట్టుకుని వెళ్లను? పేరు పడ్డాక వెళ్తాను.”

సొరుగు లాగి ఇంకో క్యాసెట్టు తీశాడు. బొమ్మ లేదు, చేతిరాత చీటీ ఉంది. “చెరపకముందుది. ఇదొక్కటే మిగిలింది. పెడితే ఇది పెట్టండి.”

ఆమె అక్కడే కూర్చుని మేనేజరుకు ఫోన్ కలిపింది. విషయం చెప్పింది.

“పెద్దాయనకు చాదస్తం,” అన్నాడు మేనేజరు. “జనం ఎరిగింది దుకాణంలో అమ్మిన ఆట. అదే పెడదాం. ఇంకాస్త బతిమాలు.”

“బతిమాలను సార్.”

“ఏంటీ?”

“మార్చకూడదని రూలు పెట్టింది మనం. దుకాణంలో అమ్మిందే మార్చేసిన ఆట. అసలుది ఇక్కడుంది. దాన్ని చేసిన మనిషి నా ఎదురుగా కూర్చున్నాడు.”

పెద్దాయన ఏదో చెప్పబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

“ఇన్నేళ్లు నోరు మెదపకుండా ఉన్నాడు సార్. ఆయన పేరు తుడిచేసిన ఆటకు ఆయన చేతే సంతకం పెట్టించమంటారా? నా వల్ల కాదు.”

“సర్వీసు మూతపడితే ఎవరిని అంటారో తెలుసా?”

“నన్నే. అననివ్వండి. కావాలంటే రేపు నా కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టుకోండి. ఈ కాగితం మాత్రం సంతకం లేకుండానే వెనక్కి తెస్తాను.”

కింద ఎవరో సైకిల్ చక్రానికి గాలి కొడుతున్నారు.

“ఏడిసినట్టుంది,” అన్నాడు మేనేజరు చివరికి. “పేర్లున్నదే పెట్టు. వాటిని ఒప్పందంలో కూడా రాయించు. రేపు తగాదాలు రాకూడదు.”

ఆమె ఫోన్ పెట్టేసింది. పెద్దాయన చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి, బల్ల మీద పరిచి ఆమె ముందుకు తోశాడు. ఆమె ఒక్కో పేరూ ఒప్పందంలోకి ఎత్తి రాసింది. ఆట ప్రోగ్రాం రాసినవాడు. బొమ్మలు వేసినవాడు. పాట కట్టినావిడ. మలుపులు పన్నినవాడు.

ఆయన కింద సంతకం పెట్టాడు. ఆ సంతకాన్నీ పైనున్న నాలుగు పేర్లనూ ఆమె రెండుసార్లు పోల్చి చూసింది.

“ఇందులో మీ పేరేదండీ?”

పెద్దాయన కలం మూత పెట్టాడు.

“చెరిపించింది నేనే.”