తిరుగు పొట్లం

కొండ మొదట్లో మనుషుల అలికిడి లేదు. తనూ, వదిన గౌరీశ్వరీ కలిసి జలపాతం మీదుగా ఎక్కి సాయంత్రానికి దిగిపోతామని హైమ గేటు దగ్గరి యంత్రానికి చెప్పింది. జరగబోయేది ముందే తెలిసిన యంత్రం అది; సరిగ్గా కావలసినన్ని పొట్లాలే ఇస్తుంది, ఏనాడూ తప్పలేదు. ఎక్కేటప్పుడు తినడానికి రెండు పులిహోర పొట్లాలు ఇచ్చింది. దిగేటప్పుడు తినడానికి ఒక్కటే.

“దిగేటప్పుడు నాకు ఆకలుండదు కాబోలు,” అని నవ్వబోయింది గౌరీశ్వరి.

హైమ మళ్ళీ మీట నొక్కింది. మళ్ళీ ఒక్కటే.

“వదినా, మనలో ఒకరు...”

“ఊరుకోవే! కొండా లేదు, గిండా లేదు. ఇంటికెళ్ళిపోదాం పద.” గౌరీశ్వరి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, ప్రయాణం రద్దు చేసేసింది.

యంత్రం మర్యాదగా సరేనంది. ఇంటికి వెళ్ళే బస్సుకి టిక్కెట్టు ఇచ్చింది.

ఒక్కటే.