డి డ్రైవులోని గొంతు

కొత్త డిస్కు బిగించి, పాత డ్రైవుకి గుర్తుగా ఉండే అక్షరాన్ని డి నుంచి ఇ కి మార్చానో లేదో, మంచంలో ఉన్న పెద్దాయన కంప్యూటరు మూగబోయింది. జబ్బుతో మాట పడిపోయాక, ఆయన మీటలు నొక్కితే అదే పైకి చదివేది. ఆ గొంతు ఫైలు ఇ లోకి పోతే, చదివే ప్రోగ్రామేమో ఇంకా డి లోనే వెతుక్కుంటోంది.

ఆయన వేలు మాత్రం ఆగడం లేదు.

"మాట కోసం ఎంత తహతహలాడుతున్నారో చూడు తమ్ముడూ!" అంది ఆయన భార్య. "నీకు పుణ్యముంటుంది, తొందరగా బాగుచెయ్యి."

మెకానిక్‌నై ఉండీ తప్పు చేసింది నేనే గనక, గబగబా మౌస్ అందుకున్నాను. అక్షరాన్ని మళ్ళీ డి చేశాను. అంతసేపూ పేరుకున్న మాటలు ఒక్కసారిగా వినిపించాయి.

"బాగుచెయ్యకు బాబూ. నా మాట వినపడినన్నాళ్ళూ మా ఆవిడ నేను లేచి తిరుగుతాననే అనుకుంటుంది. బాగుచెయ్యకు."

"హమ్మయ్య, మాటొచ్చేసింది!" అంటూ ఆవిడ, ఇంకా మీటలు నొక్కుతున్న ఆయన చేతిని గట్టిగా పట్టేసుకుంది.