వేగువాడి కిర్రు చెప్పులు

“ఇదేంది కాకా, కిర్రుమంటున్నయి?” నేను కుట్టిన చెప్పులు తొడిగి రెండడుగులు వేసిన ప్రసన్న సార్ అదిరిపడ్డాడు. రేపు అహేరిలో కాకతీయుల నాటకం. అందులో ఆయన వేగువాడు.

“మేకు లేదు, జిగురు లేదు, కుడి ఎడమ లేదు. అచ్చు ఆ కాలం చెప్పులు. కిర్రుమనాలె.”

“రాణి గది పక్కన నక్కి వినేటోణ్ణి. కిర్రుమంటే దొరుకుత గదా! ఆ కిర్రు తియ్యి, లేకుంటే నాకొద్దు.”

“తియ్య. మొగోడు వస్తుండంటే ఇల్లు గప్‌చుప్ కావాలె. నా పెండ్లాం బతికున్నన్ని దినాలు, నా చెప్పులు వినపడితే నోరెత్తలే.”

మరదలు సుశీలాబాయి పకపకా నవ్వింది. “భయంతోని కాదు బావా. నువ్వు లేనప్పుడు అక్క నీ లెక్క నడిచి సూపెట్టేది. వాడకట్టు ఆడోళ్లంత నవ్వి సచ్చేటోళ్లు. సందు మొదట్ల కిర్రుమనంగనే ఆట బంద్.”

సార్‌తో విప్పించి ఆ చెప్పులే తొడుక్కుని, మూతి ముడిచి, చేతులు వెనక్కి కట్టి నడిచింది. “చారుల ఉప్పేదే?”

సార్ కూడా నవ్వాడు. నేను నవ్వలేదు.

చెప్పులు విప్పించి, అడుగు తోలు అట్టల మధ్య ఆముదం పోశాను. కిర్రు పోయింది.

ఈ పని నా పెండ్లాం ఉన్నప్పుడే నా చెప్పులకు చేసి ఉంటే, ఒక్కరోజైనా కిటికీ పక్కన నక్కి ఆ ఆట చూసేవాణ్ణి.