కిందనుంచి చాచిన చెయ్యి

కోతి ఒక జెర్రిపోతు పిల్లను బుట్టలో పెట్టి పెంచుకుంటోంది. తిండి పెట్టేది, కబుర్లు చెప్పేది. కరుస్తుందేమోనని ముట్టుకునేది మాత్రం కాదు.

ఒకరోజు వాగు పొంగి బుట్టలోకి నీళ్లొచ్చాయి. కోతి గబుక్కున పైనుంచి చెయ్యి దించింది. పాము బుస్సుమంది. కోతి చెయ్యి లాగేసుకుంది. రెండోసారీ అంతే.

ఒడ్డునున్న ముసలి తాబేలు చూసి అంది: "పైనుంచి ఏది దిగినా దానికి గద్దేనమ్మా. చెయ్యి కిందనుంచి పెట్టి, కదలకుండా ఉండు."

కోతి నీళ్లలో అరచెయ్యి చాచి కళ్లు మూసుకుంది. పాము మెల్లగా పాకి మణికట్టుకు చుట్టుకుంది.

"వణుకుతున్నావెందుకు?" అని అడిగింది పాము.

"కరుస్తావేమోనని. మరి నువ్వెందుకు వణుకుతున్నావు?"

"మళ్లీ చెయ్యి లాగేసుకుంటావేమోనని."

కోతి రెండో చెయ్యి కూడా పాము కింద పెట్టింది.